బాపుకు చెప్పిన పాఠాలు

ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ వెనక ఉన్న ప్రాథమిక పాఠశాలలో నేను నాలుగో తరగతికి చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. అప్పటి మా తెలుగు వాచకంలో ఒక నాన్న ఉండేవాడు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకొని ఆఫీసుకు వెళ్లేవాడు. సాయంత్రం పండ్లు కొనుక్కొని ఇంటికొచ్చి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని కథలు చెప్పేవాడు. ఆ పాఠం రాసిన పెద్దమనిషి మా వాడలో ఒక్క సాయంత్రం తిరిగి ఉంటే, పండ్లు తెచ్చే నాన్న ఏ ఇంట్లో ఉన్నాడా అని వెతుక్కునేవాడు. మా పిల్లల్లో చాలామంది తండ్రులు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. కడుపు చేతపట్టుకొని పోయినవాళ్లు. ఇక్కడ తల్లులు బీడీలు చుట్టేవాళ్లు.

మీ నాన్న సాయంత్రం ఇంటికి రాగానే ఏం చేస్తారు అని పాఠం కింద ప్రశ్న. పిల్లలు గైడులో ఉన్న జవాబు బట్టీపట్టి గడగడా అప్పజెప్పేవారు, తండ్రి ఉన్నా లేకున్నా. ఒక పిల్ల మాత్రం లేచి నిలబడి నేల చూసేది. ఆ ప్రశ్నకే కాదు, దేనికీ నోరు విప్పేది కాదు. పెద్దసారు, "మొద్దు పిల్ల, మేడం, వదిలెయ్యండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక పిల్లను వదిలెయ్యడం ఆయనకు ఎంత సులువో.

ఒక సాయంత్రం వాళ్లింటికి పోయాను. తల్లి ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. పక్కన ఆ పిల్ల ఆకు కత్తిరిస్తోంది. మీ పిల్ల మాట్లాడదేమని అడిగితే ఆమె నవ్వింది.

"గీమె మాట్లాడదా? ఎవరన్నరు మేడం? ఐతారం వచ్చిందంటే టేపురికార్డు ముంగట కూసుంటది. క్యాసెట్ నిండేదాక ఊకోదు."

ఆ రోజుల్లో మా దగ్గర క్యాసెట్లతోనే కాపురాలు నడిచేవి. ఇంటిల్లిపాదీ కూర్చొని ముచ్చట్లు నింపి, సెలవు అయిపోయి గల్ఫ్‌కు తిరిగి వెళ్తున్న ఏ పక్కూరు కమ్మర్‌పల్లి మనిషి చేతికో ఇచ్చి పంపేవాళ్లు. అక్కడి నుంచి ఇంకో క్యాసెట్‌లో ఇంటాయన గొంతు వచ్చేది. ఈ పిల్ల పాలు మానకముందే తండ్రి వెళ్లిపోయాడు. అక్కడ పనిలో పెట్టుకున్న సేటు పాస్‌పోర్టు తొక్కిపెట్టడంతో మధ్యలో ఒక్కసారీ రాలేకపోయాడు. బాపు అంటే ఆమెకు ఆ పెట్టెలోంచి వచ్చే గొంతే.

మర్నాడు తరగతిలో ఖాళీ అగ్గిపెట్టె ఒకటి ఆమె చేతిలో పెట్టాను. "ఇది టేపురికార్డు. పాఠం నాకు చెప్పకు, మీ బాపుకు చెప్పు" అన్నాను. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నోటి దగ్గర పెట్టుకుంది.

"బాపూ, మంచిగున్నవా? అన్నం తిన్నవా? ఇయ్యాల టీచర్ వాన ఎట్ల పడ్తదో చెప్పింది. గోదారి నీళ్లు ఎండకు ఆవిరై పైకి పోతయట బాపూ..."

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు పాఠమంతా చెప్పేసింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ తర్వాత తరగతి తరగతంతా అదే పట్టు పట్టింది. తండ్రి ఊళ్లో ఆటో తోలుకుంటున్న పిల్లలు కూడా దుబాయ్ బాపును కల్పించుకొని మరీ పాఠాలు చెప్పేవారు. పెద్దసారు, ఇది బడా, ఎస్టీడీ బూతా అని ఎత్తిపొడిచాడు. నేను వినిపించుకోలేదు. ఆ పిల్ల ఇంటి క్యాసెట్లలోనూ పాఠాలే నింపి పంపేది. అవి విని తండ్రి, ఎంత కష్టమైనా బిడ్డను బడి మాన్పించకని భార్యకు చెప్పాడు. బీడీలకు ఇంకో రెండు చేతులు కావాల్సి ఉన్నా, ఆ మాట మీదే తల్లి ఆమెను బడికి పంపేది.

సేటు ఎట్టకేలకు పాస్‌పోర్టు ఇచ్చి సెలవిస్తే, పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆయన వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకు, చాక్లెట్ల పొట్లం పట్టుకొని, కొత్త గౌను వేసిన బిడ్డను వెంటబెట్టుకొని బడికొచ్చాడు. ఆమె ఆయనకు బారెడు దూరంగా నడుస్తోంది.

"టీచర్, గీమె పాఠం చెప్తే జర ఇనాలె. వచ్చినకాన్నుంచి నాతోని ఒక్క ముచ్చట మాట్లాడ్తలేదు."

నేను అడిగాను. ఆమె నేల చూస్తూ నిలబడింది. ఆయన మొహం మాడిపోయింది.

"క్యాసెట్ల మాట్లాడింది గీ పిల్లనేనా టీచర్? లేకుంటే ఎవ్వరి పిల్లతోనన్న చెప్పిచ్చిన్రా?"

ఆ మాటకు నేనే అగ్గిపెట్టె అందించాను. ఆమె ఆయనకు వీపు తిప్పి, గోడ వైపు జరిగి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"బాపూ, మంచిగున్నవా? మా ఇంట్లకు ఒకాయన వచ్చిండు. అమ్మ గాయిన్నే బాపు అనమంటది. నేను అంటలేను. నువ్వు జల్ది రా."

క్యాసెట్లలో విన్న ఆ గొంతును ఆయన గుర్తుపట్టాడు. చాక్లెట్ల పొట్లం బెంచీ మీద పెట్టి, పిల్లల మధ్యనే కూలబడ్డాడు. అక్కణ్ణుంచే నా వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మీ కాళ్లు మొక్కుత టీచర్, గా డబ్బా బంద్ పెట్టున్రి. నేను ముంగట ఉంటే గూడ దాంతోనే మాట్లాడ్తే ఎట్ల?"

తండ్రి అడిగాడు, అడిగింది న్యాయం. అగ్గిపెట్టెలన్నీ తీసేశాను. పిల్లల బతుకులోంచి పాఠం చెప్పండని ట్రైనింగుల్లో ఊదరగొడతారు. ఆ బతుకే రెండు దేశాల మధ్య చిరిగిపోయి ఉంటే ఏం చెప్పాలో ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల నోరు మళ్లీ మూతపడింది. నా దగ్గరా అంతే, ఇంట్లో ఆయన దగ్గరా అంతే. సెలవు అయిపోయి ఆయన వెళ్లిపోయాడు.

జూన్‌లో బడి తెరిస్తే ఆమె రాలేదు. ఇంటికి పోయాను.

"నోరిప్పని పిల్లకు సదువెందుకు మేడం?" అంది తల్లి. "నాకన్న చేతికింద ఆసరైతది."

అప్పుడే కొత్త క్యాసెట్ వచ్చిందని చెప్పి, నేను కూడా వినాలని టేపురికార్డు మీట నొక్కింది. ఆయన గొంతు వచ్చింది. "బిడ్డా, మంచిగున్నవా? ఏదన్న పాఠం చెప్పి పంపు బిడ్డా. గా వాన పాఠమే చెప్పు."

పిల్ల చేతిలో కత్తెర ఆగలేదు. నేను పక్కన కూర్చొని, "బాపు అడుగుతున్నడు గదా, చెప్పవా బిడ్డా?" అన్నాను.

"గది మా బాపు గొంతు కాదు టీచర్" అంది. "గా వచ్చిపోయినాయనది."

ఇంకో ఆకు తీసుకొని కత్తిరించుకుంది.