హద్దురాళ్ల దగ్గర వెతుకులాట

2007. హైదరాబాద్ చుట్టూ ఎకరాలు గజాలుగా మారిపోతున్న రోజులు. నేరం చేసేవాళ్ల మనస్తత్వాన్ని పరిశీలించే ఫోరెన్సిక్ సైకాలజిస్టుగా నేను నగరంలో పనిచేసేదాన్ని. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక వెంచర్‌లో ఎవరో ప్లాట్ల హద్దురాళ్లు పీకేస్తున్నారని, మళ్లీ పాతితే మళ్లీ పీకుతున్నారని అక్కడి ఎస్సై నా సాయం అడిగారు.

మా పనిలో ఆఫెండర్ ప్రొఫైలింగ్ అని ఒక పద్ధతి ఉంది. నేరం జరిగిన తీరును బట్టి, చేసినవాళ్లు ఎలాంటివాళ్లై ఉంటారో అంచనా వేయడం. ఫోటోలు చూసి నాకు తోచింది చెప్పాను. మధ్యాహ్నం కావలివాడు అన్నానికి వెళ్లినప్పుడే జరుగుతోంది కాబట్టి ఆ ఊరి మనిషే. ఏదీ పోలేదు కాబట్టి దొంగతనం కాదు. వెంచర్ అంతా వదిలి ఒక్క మూలనే ముట్టుకుంటున్నారంటే ఆ నేలతో ఏదో బంధం ఉంది. బరువు పని కనుక బహుశా మగవాడు, వయసులో ఉన్నవాడు, కోపం మీద ఉన్నవాడు. ‘బహుశా’ అన్న మాట నొక్కే చెప్పాను.

కొన్నాళ్లకు ఎస్సై ఫోన్ చేశారు. "దొరికిండు మేడమ్. నరేశ్ అని, గీ ఊరోడే, హయత్‌నగర్ల ఆటో నడుపుతడు. వాళ్ల భూమి అగ్గువ ధరకు గుంజుకున్నరని వెంచరోళ్లతోని మస్తు లొల్లి పెట్టుకున్నడు. అచ్చం మీరు చెప్పినట్లే ఉన్నడు."

ఆ చివరి మాటకే నాకు భయం వేసింది. ప్రొఫైల్ ఎటు వెతకాలో చెబుతుంది, అంతే. అది సాక్ష్యం కాదు. ఆ పోలికలకు సరిపోయే కుర్రాళ్లు అప్పుడు ఊరికి పదిమంది ఉండేవారు. మర్నాడే బయలుదేరాను.

స్టేషన్‌లో నరేశ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెంప వాచి ఉంది. "లొల్లి పెట్టిన మాట నిజమే మేడమ్. రాళ్లు మాత్రం నేను ముట్టలే" అన్నాడు.

ఎస్సైని వెంటబెట్టుకుని వెంచర్‌కు వెళ్లాను. ఫోటోల్లో కనిపించనిది అక్కడ కనిపించింది. పీకిన రాళ్లలో ఒక్కటీ పగల్లేదు. అన్నీ ఒద్దికగా పక్కన పెట్టి ఉన్నాయి. చుట్టూ అక్కడక్కడా నేల తవ్వి మళ్లీ మట్టి కప్పిన గుర్తులు. కోపంతో వచ్చినవాడు గుంత పూడ్చి వెళ్లడు. ఎవరో ఏదో వెతుకుతున్నారు.

"ఈ మూల ఇంతకుముందు ఎవరిది?" అని అడిగాను.

"అంతమ్మది. గా ముసలామె మీద అనుమానమా మేడమ్?" అని ఎస్సై నవ్వారు.

మేం వెళ్లేసరికి అంతమ్మ ఇంటి ముందు చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను రాళ్ల మాట ఎత్తగానే చేతులు ఆగిపోయాయి.

"అవ్, నేనే గడ్డపారతోని తీసిన. నా పెద్దబిడ్డ, మూడు నెలలప్పుడు పోయింది. ఆ మూలకే పెట్టినం. సీతాఫలం చెట్టు గుర్తుండె. జేసీబీ వచ్చి అంత సాపు జేసింది. ఇప్పుడు యాడనో ఎరుకైతలేదు. దొరికితే తెచ్చి నా పెరట్ల పెట్టుకుందామని..."

"ఎవరికైనా చెప్పకపోయావా అమ్మా?"

"ఏమని చెప్పాలె బిడ్డా? అమ్ముకున్న భూమాయె."

నరేశ్ సంగతి ఆమెకు తెలియదు. చెప్పగానే చిక్కుళ్లు అక్కడే వదిలి మా వెంట స్టేషన్‌కు వచ్చింది. అతణ్ని వెంటనే వదిలేశారు. ఎస్సై నచ్చజెప్పాక వెంచర్ వాళ్లు ఫిర్యాదు వెనక్కి తీసుకుని, ఒక రోజు తవ్వుకోనిచ్చారు. ఆ రోజు గడ్డపార పట్టింది నరేశే. పొద్దు వాలేదాకా తవ్వాడు. ఏమీ దొరకలేదు.

అంతమ్మ నా దగ్గరకు వచ్చి నిలబడింది. "కండ్లతోని చూడకుంటనే, రాళ్లు తీసింది గీ ఊరి మనిషే అని చెప్పినవంట. నా బిడ్డ యాడుందో గూడ జర చెప్పరాదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ తర్వాత ఎన్నో కేసులు చూశాను. చేసిన మనిషి ఎలాంటివారో ఇప్పటికీ అంచనా వేస్తూనే ఉన్నాను. కానీ దానికంటే ముందు, ఆ మనిషి ఏం పోగొట్టుకుని ఉంటారని అడుగుతున్నాను.