మా కప్పు మీద కాసిన గుమ్మడికాయ

గుమ్మడి మన దేశపుది కాదని, ఎప్పుడో ఓడల మీద వచ్చిందని ఈమధ్య మా మనవరాలు చదివి చెప్పింది. కావచ్చు. నా కడుపుమంట మాత్రం ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు. దడి అవతల, మా తోటికోడలి పెరట్లో పుట్టింది.

అరవైల మొదట్లో నేను ఆగిరిపల్లి కాపురానికి వచ్చేసరికే మా బావగారు పోయారు. ఆవిడది ఒక తాటాకిల్లు, మాది ఒకటి. మధ్యన దడి, దాని మీదికి ఒరిగి దాదాపు ఆనుకున్న రెండు చూరులు. ఇద్దరం గుమ్మడి పాదులు పెట్టేవాళ్ళం. బూడిద చల్లి, కడుగు నీళ్ళు పోసి నేను చాకిరీ చేస్తే నా పాదుకి అన్నీ మగపూలే. ఆవిడ పాదుకి మాత్రం గంపలంత కాయలు. పిందెను వేలుపెట్టి చూపిస్తే కుళ్ళిపోతుందంటారు కదా, ఎవరూ లేనప్పుడు ఆవిడ పిందెలన్నిటికీ వేలు చూపించాను. ఒక్కటంటే ఒక్కటీ కుళ్ళలేదు.

అదీ కాదు నా అసలు బాధ. నిండు గుమ్మడికాయను ఆడవాళ్ళు కొట్టకూడదు. మొదటి దెబ్బ మగవాడు వేశాకే మనం కత్తిపీట ముందు కూర్చోవాలి. ఆవిడింట్లో మగదిక్కు లేదు.

"అబ్బాయీ, ఒక్క దెబ్బేసి పోవయ్యా!" అని దడి మీంచి కేకేసేది. మా ఆయన కత్తి పట్టుకుని పరుగు. ఆ పూట భోజనమూ అక్కడే. తిరిగొచ్చి, "పులుసులో బెల్లం ఎంత వెయ్యాలో మా వదినకే తెలుసు" అనేవాడు. నేను వండినదాన్ని ఏనాడూ బావుందని అనలేదు. ఆ ఒక్క మాట కోసం నేను పడిచచ్చేదాన్ని.

ఒక ఏడాది ఆయన రెడ్డిగూడెం మామిడితోట కాపలాకి వెళ్ళాక, మా కప్పు మీద, మా వైపున, ఒక కాయ కనిపించింది. నా ప్రాణం లేచొచ్చింది. ఎవరి దిష్టీ తగలకుండా గడ్డి కప్పాను. పొద్దున్నే లేచి ముందు దాని మొహమే చూసేదాన్ని.

ఎండలు ముదిరి తీగ వడిలాక నిచ్చెన వేసుకుని ఎక్కాను. కాయ తెంపి, ఎండిన తీగను లాగాను. నేనిటు లాగుతుంటే దడి అవతల, ఆవిడ పాదు దగ్గర, మొదలు కదిలింది. ఆవిడ అక్కడే నిలబడి చూస్తోంది. చేతిలో తీగ వదిలేశాను.

"నీ ఇంటి మీద కాసిందమ్మా, నీదే. జాగ్రత్తగా దించుకో" అంది.

తిట్టినా బావుండేది. కాయను తెచ్చి మంచం కిందకి తోసేశాను. పారేద్దామనుకున్నాను గానీ చేతులు రాలేదు.

తోటలో మామిడికాయలన్నీ మార్కెట్టుకి వెళ్ళిపోయి తొలివాన పడ్డాక మా ఆయన ఇంటికొచ్చాడు. మంచం కింద గుమ్మడికాయను బయటికి లాగి దెబ్బ వేశాడు. పులుసు నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని వండాను. రెండోసారి వడ్డించుకుని, "మా వదిన పులుసు దీని ముందు దిగదుడుపే" అన్నాడు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన మాట. అంతటితో ఊరుకున్నాడా? ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి వెళ్ళి కేకేశాడు.

"వదినా! ఇంక నీ కాయలు దండగ. మా పాదు కాయ తిని చూడు!"

గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. ఆవిడ ఒక్క మాటంటే చాలు, నా పరువు గంగలో కలిసేది.

"చూడకేం అబ్బాయీ, పిందె నాటినుంచీ చూస్తూనే ఉన్నాను" అంది ఆవిడ. "మా చెల్లి పెంపకం మరి. నాకో గిన్నెడు పంపించు."

గిన్నె నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ వేలితో తీసి నాలిక్కి రాసుకుని, "బెల్లం సరిపోయింది" అంది. మా ఆయన నన్ను మెచ్చుకున్న ఆ ఒక్క పూటా కూడా ఆవిడ పెట్టిందే. తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది.