గుమ్మం మాస్టారి ఎర్ర టోపీ

ఆ రోజుల్లో నా గొంతు నాకే సరిగ్గా వినపడేది కాదు. హోటల్లో నేను అడిగింది కాక వేరే ఏదో తెచ్చి పెడితే, అదే కావాలన్నట్టు తినేసి, థాంక్యూ కూడా చెప్పి వచ్చేదాన్ని. చెప్పాల్సిన మాటలన్నీ ఇంటికొచ్చాక డైరీలో చెప్పుకునేదాన్ని. అక్కడ మాత్రం నా అంత గడుసుదాన్ని నేనెక్కడా చూడలేదు. అలాంటి పిల్ల మిషిగన్ చలిలో, మోకాళ్ళ దాకా మేజోళ్ళు లాక్కుని, బురదలో పడి దొర్లే రగ్బీ ఆటలో చేరిందంటే కారణం ధైర్యమని ఎవరైనా అనుకుంటే నాకు సంతోషమే. అసలు కారణం మొహమాటం.

చదువయ్యాక నా మొదటి ఉద్యోగం మిషిగన్‌లోని నోవై అనే ఊళ్ళో, కారు సీట్లు తయారుచేసే ఒక కంపెనీలో. ఉండటం మా పెద్దమ్మ కూతురు అక్కా, బావగారి దగ్గర. మా లాబ్‌లో సీట్లను బండికి బిగించి గోడకేసి కొట్టి, ఎంత దెబ్బ తట్టుకుంటాయో చూసేవారు. ఆ కొట్టించే విభాగానికి పెద్ద, వేల్స్ దేశం నుంచి వచ్చిన ఒకాయన. ఆయన తలుపు దగ్గర నిలబడితే అవతలి వెలుతురు ఇవతలికి వచ్చేది కాదు, అందుకని మా అక్క ఆయనకు 'గుమ్మం మాస్టారు' అని పేరు పెట్టింది. చెవులు రెండూ పిసికి వదిలేసిన చపాతీ పిండిలా ఉండేవి. ఒకప్పుడు జీతం తీసుకుని రగ్బీ ఆడిన మనిషి. పెళ్ళాడిన అమ్మాయిది మిషిగన్ కావడంతో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. (పదేళ్ళు తనే గోడలా నిలబడినవాడికి ఇంతకన్నా తగిన ఉద్యోగం దొరకదని బావగారి అభిప్రాయం.) శనివారాలు ఆడపిల్లల జట్టు ఒకదానికి ఆట నేర్పేవారు. ఒకరోజు భోజనాల వేళ, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో తల దూర్చి కూర్చున్న నా దగ్గరికి వచ్చి, "మీటింగుల్లో నువ్వు చెప్పేది ఒక్క ముక్క వినపడదు పిల్లా. శనివారం మైదానానికి రా, గొంతు అదే వస్తుంది" అన్నారు. వద్దండీ అనడానికి నాలుగు రోజులు సాధన చేశాను. శనివారం పొద్దున్నే ఆయన వ్యాను అపార్ట్‌మెంట్ కిందికి వచ్చేసింది.

(ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. నేను డైరీలో రాసేటప్పుడు తెలుగు చేసుకునేదాన్ని. అది కూడా ఎందుకో మా మేనమామ ధోరణిలోకి వెళ్ళిపోయేది. అందుకే ఇప్పటికీ ఆయన నా జ్ఞాపకాల్లో చక్కటి తెలుగే మాట్లాడతారు.)

ఆట గురించి లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను కాబట్టి నియమాలు నాకు కంఠతా వచ్చు. రానిది ఆటే. బంతి పట్టుకున్న మనిషి కింద పడగానే రెండు జట్లవాళ్ళూ ఆమె మీదుగా ఒకరినొకరు తోసుకుంటారు. ఆ తోపులాటలో నా కాలు మొదటిసారి ఒకమ్మాయి చేతి మీద పడింది. ఇంకేముంది, నా ఒళ్ళు నా మాట వినలేదు. గభాల్న వంగి, ఆమె భుజం తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. ఆమె వెంటనే రెండు చేతులూ పైకెత్తి, "ఎవరూ కదలకండి! తన కాంటాక్ట్ లెన్స్ పడిపోయింది!" అని అరిచింది. ఆట ఆగిపోయింది. జట్టు మొత్తం మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి వెతకడం మొదలుపెట్టారు. నా కంటికి అసలు లెన్సే లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేనూ వాళ్ళతో కలిసి వెతికాను.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో అసలు సంగతి ఆయనకు చెప్పాను. కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవడం మా అలవాటని, అది మనసు చేసే పని కాదు, ఒళ్ళే చేసేస్తుందని. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "పదేళ్ళు నా వీపు మీద, చేతుల మీద, ఒకసారి మొహం మీద కూడా నడిచారు పిల్లా. ఒక్కడూ సారీ అనలేదు. మంచి అలవాటే. కానీ విజిల్ దాకా దాచుకో. ఆట అయ్యాక అందరికీ ఒకేసారి చెల్లించు" అన్నారు.

ఆయన కథ నాకు అలా వ్యాన్‌లోనే, ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆట ఆడితే ఇక నుంచి జీతమిస్తారని తెలిసిన రోజున ఉక్కు ఫ్యాక్టరీలో పని మానేసి ఇంటికెళితే, వాళ్ళమ్మ "ఆడుకుంటే ఎవడిస్తాడ్రా జీతం? వెళ్ళి కాళ్ళట్టుకుని మళ్ళీ చేరు" అందట. (ఇది కూడా నా అనువాదమే.) ఊరి క్లబ్బుకు ముందు వరసలో నిలబడి తోయడం ఆయన పని. పుస్తకాల్లో ఫోటోలు పరిగెత్తేవాళ్ళవే ఉంటాయి, తోసేవాళ్ళవి ఉండవు. ఒక్కసారి మాత్రం దేశం జట్టుకు పిలుపొచ్చింది. ఎర్ర జెర్సీ ఇచ్చారు. మైదానం పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆటలో అడుగు పెట్టినవాడికి దేశం ఒక టోపీ ఇస్తుందట, బంగారు కుచ్చుతో. ఆయన మూడుసార్లు లేచి ఒళ్ళు వేడెక్కించుకుని మళ్ళీ కూర్చున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ అలసిపోలేదు, ఆట అయిపోయింది. జెర్సీకి మట్టి అంటలేదు. ఆ తర్వాత మెడ దెబ్బతింది, డాక్టర్ ఇక చాలన్నాడు.

"మరి మీరు అడగలేదా, దింపమని?" అన్నాను.

"పిలుస్తార్లే అనుకున్నాను" అన్నారు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే ఆ సీజనంతా నేనూ బెంచీ మీదే ఉన్నాను. చలికి తలకు అమ్మ పంపిన ఎర్ర మంకీ క్యాప్, ఒంటి మీద కొన్ననాటి మెరుపు పోని జెర్సీ. నా పిట్ట సైజు చూసి ఆయనకు భయం. అప్పటికే కంపెనీలో ఉద్యోగాలు పోతున్నాయి. నాకు ఎక్కడో దక్షిణాన మోరిస్‌విల్ అనే ఊళ్ళో ఇంకో ఉద్యోగం దొరికింది, నవంబరులో వెళ్ళిపోవాలి. అంటే ఒహాయో జట్టుతో చివరి మ్యాచే నాకు ఆఖరి అవకాశం. ఒక్క నిమిషమైనా సరే దిగి తీరాలని డైరీలో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశాను.

ముందు ఆ దండం అలవాటు పోవాలి. అక్కను హాల్లో కార్పెట్ మీద పడుకోబెట్టాను.

"తొక్కవే చిన్నీ, మెల్లగా తొక్కు. నడుం మీద వద్దు, నిన్న గిన్నెలు తోమి తోమి అసలే పట్టేసింది."

తొక్కాను. వంగాను. కళ్ళకద్దుకున్నాను.

"అదిగో మళ్ళీ! నీకు సాఫ్ట్‌వేరే అలా లోడ్ చేసి పంపించింది మా పిన్ని" అంటూ అక్క లేచింది. లేస్తుంటే తన పాదం నా మోచేతికి తగిలింది. తనూ తాకి కళ్ళకద్దుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన బావగారు గుమ్మంలో ఆగిపోయారు. "ఏంటీ, ఇవాళ ఏమైనా వ్రతమా? స్నానం చేసి రానా?"

"మీరూ పడుకోండి, ఇది హెవీ వెయిట్ ప్రాక్టీసు" అంది అక్క.

ఆయన నిజంగానే పడుకున్నారు, పాపం. బావగారిని తొక్కడం మాత్రం నా వల్ల కాలేదు. దూకి అవతలికి పోయాను.

చివరి మ్యాచ్ రోజున వానా మంచూ కలిసి పడుతున్నాయి. మేము దారుణంగా ఓడిపోతున్నాం. ఆట ముగుస్తుందనగా మా వైపు అంచున ఆడే అమ్మాయి చీలమండ బెణికి బయటికొచ్చింది. మాస్టారు బెంచీ వైపు చూశారు. బెంచీ మీద నేనూ, నీళ్ళ సీసాలూ ఉన్నాం. ఆయన చూపు నా మీద ఆగి, మళ్ళీ మైదానంలోకి వెళ్ళిపోయింది. ఒకరు తక్కువతోనే లాగించేద్దామని ఆయన అనుకుంటున్నట్టు నాకు అర్థమైపోయింది. పిలుస్తార్లే అనుకుంటూ కూర్చోవచ్చు. ఆ కూర్చోవడం ఎలా ముగుస్తుందో నాకు వ్యాన్‌లో చెప్పింది ఆయనే. లేచి, మంకీ క్యాప్ పీకి, "మాస్టారూ! నన్ను దింపండి!" అన్నాను. తెలుగులో అన్నాను. గట్టిగా అన్నాను. పార్కింగ్‌లో కారులో కూర్చున్న అక్కకు అద్దాలు వేసి ఉండగా వినపడిందట. ఆయనకు మాట అర్థం కాలేదు కానీ, విషయం అర్థమైంది. నా వైపు ఒక్క క్షణం చూసి, రెఫరీకి చెయ్యెత్తారు.

దిగిన రెండో నిమిషంలోనే తోపులాటలో ఒహాయో అమ్మాయి చేతిని తొక్కాను. ఒళ్ళు వంగడం మొదలుపెట్టింది. విజిల్ దాకా దాచుకో, దాచుకో అని మనసు అరుస్తోంది. నడుం సగంలో ఆగింది. సరిగ్గా అప్పుడే ఆ కుప్పలోంచి బంతి తీసుకుని వాళ్ళమ్మాయి ఒకతె, మా ఇంట్లో ఫ్రిజ్ అంత మనిషి, నా మీదికి పరిగెత్తుకొచ్చింది. 'ఇంకా కిందికి వంగు, ఇంకా కిందికి' అని సీజనంతా మాస్టారు మొత్తుకున్నా ఏనాడూ వంగని నేను, ఆవేళ పుస్తకంలో బొమ్మలా వంగి ఉన్నాను. కళ్ళు మూసుకుని, రద్దీ బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు ఆమె కాళ్ళు రెండూ పట్టేసుకున్నాను. ఆకాశం ఒకసారి కిందికి వచ్చి వెళ్ళింది. కళ్ళు తెరిచేసరికి ఫ్రిజ్ నేల మీద ఉంది, బంతి దూరంగా దొర్లుతోంది, విజిల్ వినపడుతోంది. ఆట అయిపోయింది.

విజిల్ అయింది కాబట్టి నా బాకీలు మొదలుపెట్టాను. ముందు చెయ్యి తొక్కిన అమ్మాయికి, తర్వాత ఫ్రిజ్‌కి. "లెన్స్ పడిపోయిందా?" అందామె పడుకునే. లేదు అని, ఎందుకో ఈసారి గట్టిగానే వివరించాను. ఆమె లేచి, నా భుజం తాకి, ఆ వేళ్ళు తన ముక్కుకు అద్దుకుంది. కొంచెం తప్పింది, అంతే.

వ్యాన్ దగ్గర మాస్టారు నా జెర్సీ మీది బురదను చాలాసేపు చూశారు.  నాకు ఏం చెయ్యాలో తెలిసిపోయింది. చేతిలో ఉన్న ఎర్ర మంకీ క్యాప్ ఆయనకిచ్చి, "మీ టోపీ" అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తలకు లాగారు. అది సగం వరకే దిగి, ఆ చపాతీ చెవుల దగ్గర ఆగిపోయింది.

"ఏ దేశం టోపీ ఇది?" అన్నారు.

"మా అమ్మది" అన్నాను.

ఇంటిదాకా అది తీయలేదు. సిగ్నల్ దగ్గర పక్క కారులో పిల్లలు నవ్వినా తీయలేదు.

మోరిస్‌విల్‌లో నేను మళ్ళీ రగ్బీ ఆడలేదు. హోటల్లో వేరేది తెచ్చిపెడితే మాత్రం ఇప్పుడు చెబుతున్నాను, నేనడిగింది ఇది కాదని. మొన్న కిరాణా కొట్టు క్యూలో ఎవరి కాలో తొక్కి, అలవాటుగా వంగితే, వెనకావిడ "ఏమైనా పడిపోయిందా?" అని తనూ వంగింది. ఏం లేదండీ అని లేచాను. ఆ పాత పిల్లే అయితే, పాపం, ఆవిడతో కలిసి కాసేపు వెతికేది.