పట్టీలక్కకు చూసే హక్కు మాత్రమే

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియనిదంటూ లేదని గట్టి నమ్మకంతో ఉండేవాణ్ణి. చిక్కబళ్ళాపురంలో బీసీఏ ముగించిన కొత్తలో, పేరేసంద్ర దగ్గర హైవే పక్కనున్న ఒక కూరగాయల నారు నర్సరీలో కంప్యూటర్ చూసుకునే పనికి కుదిరాను. యజమాని మా అమ్మకు దూరపు బంధువు, నాకు వరసకు మామ. (ఉద్యోగం నా తెలివికే వచ్చిందని చాలాకాలం అనుకున్నాను.) ఆఫీసు మూలనున్న లినక్స్ సర్వర్‌లో ముఖ్యమైనది ఒకే ఒక్క పట్టీ, అంటే జాబితా. ఏ రైతు ఏ నారు చెప్పిపోయాడు, అది ఏ వరసలో పెరుగుతోంది, ఏ రోజు ఇవ్వాలి, అన్నీ అందులోనే. షేడ్‌నెట్ పందిరి కింద ఒకేలా కనిపించే అన్ని ట్రేలలో ఏది ఎవరిదో అది చూస్తేనే తెలిసేది. నర్సరీ పెట్టిననాటి నుంచీ దాన్ని రాస్తున్నది ఒకామె. మొదట్లో నోటుబుక్కులో, తర్వాత కంప్యూటర్లో. అందరికీ ఆమె పట్టీలక్క.

నన్ను కలవరపెట్టిన సంగతేమిటంటే, అందరూ ఒకే పేరుతో లాగిన్ అయ్యేవారు. పాస్‌వర్డ్ గోడమీది క్యాలెండర్లో రాసి ఉండేది. "ఇట్ల యాడన్నా ఉంటాదా మామా? ఎవురన్నా వచ్చి అంతా తుడిచేస్తే?" అన్నాను. "తుడిచేదానికి ఎవురొస్తారప్పా? సరే, చదువుకున్నోడివి చెప్తాండావు, చెయ్యి" అన్నాడు మామ. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కరికీ విడిగా పేరు, పాస్‌వర్డ్ పెట్టాను. తర్వాత హక్కులు పంచాను. మామకు రాయడం, చెరపడం అన్నీ. పట్టీలక్కకు చూడటం మాత్రమే. (ఆమె చదివింది ఎనిమిదో తరగతి. మార్పులుంటే చీటీ రాసిస్తే నేను ఎక్కిస్తానని నా ఏర్పాటు.) పట్టీ ఉన్న ఫోల్డర్‌ను సోమవారం అందరి ముందూ తెరుద్దామని అప్పటికి మూసిపెట్టాను. ఆఖరున నన్ను నేను పట్టీ వాడేవాళ్ళ కొత్త గుంపులో చేర్చుకున్నాను. ఆ ఆదేశంలో 'ఏ' అనే చిన్న అక్షరం ఒకటి వేయాలి. వేస్తే పాత గుంపులతోపాటు ఇదీ అని అర్థం, వేయకపోతే అడ్మిన్ గుంపుతో సహా పాతవన్నీ పోయి ఇదొక్కటే మిగులుతుంది. నేను వేయలేదు. నా పెత్తనాన్ని నా చేత్తోనే ఊడబెరుక్కుని, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను.

సోమవారం పొద్దున నేను వచ్చేసరికి ఆఫీసు ముందు రైతులు నిలబడి ఉన్నారు. ఫోల్డర్ తెరవబోతే, నువ్వు అడ్మిన్ల జాబితాలో లేవు, ఈ సంగతి రిపోర్ట్ చేస్తాం అని ఇంగ్లీషులో వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. "సర్వర్ అప్‌డేట్ అవుతాండాది" అని అబద్ధమాడాను. బాగేపల్లి వైపు నుంచి టెంపోతో వచ్చిన పెద్దాయన తల లోపలికి పెట్టి, "కూలోళ్ళు చేన్లో కూర్చోనుండారప్పా. నా నారు నాకిచ్చేదానికి ఎవుని పర్మిషను?" అన్నాడు. మామ వచ్చి నా మొహం చూడగానే నిజం చెప్పేశాను. ఆయన తెర మీదికి వంగి కూడబలుక్కుని చదివాడు.

"రిపోర్ట్ చేస్తామంటాండాదే, ఎవురికి?"

"అడ్మిన్‌కి మామా."

"అడ్మిన్ ఎవురు?"

"నేనే."

మామ కుర్చీలో కూలబడి నవ్వాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. చింతామణిలో ఉన్న మా కాలేజీ సీనియర్‌కు ఫోన్ చేస్తే, అతను కూడా ముందు తనివితీరా నవ్వుకుని, సర్వర్‌ను ఆపి రిపేరు పద్ధతిలో ఎలా తెరవాలో ఒక్కొక్క అడుగే చెప్పాడు. గంటకు పైగా పట్టింది. అంతసేపూ మామ రైతులకు టీలు పోయిస్తూ కూర్చోబెట్టాడు. చివరికి ఆ అక్షరం వేసి నా హక్కులు తెచ్చుకున్నాను. పట్టీ తెరుచుకుంది. పట్టీలక్క తెర చూసి వరస చెప్పగానే టమాటా ట్రేలు టెంపో ఎక్కాయి. నారు ఇచ్చేశామని రాయబోయి ఆమె ఆగింది.

"ఏమప్పా, రాస్తే ఒప్పుకోదే?"

"నీకు చూసేదానికే అక్కా. రాసేదుంటే చీటీ ఇయ్యి, నేను ఎక్కిస్తా."

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు పెంచలేదు. "ఈ పట్టీ పుట్టిందే నా చేతిలో అప్పా. ఇప్పుడు దీన్ని చూసిపోయేదానికి వచ్చినదాన్నా నేను?" అంది. బాగేపల్లి పెద్దాయన ట్రేలు లెక్కపెట్టే నెపంతో బయటికి జారుకున్నాడు.

మామే అడిగాడు: "నాకేమిచ్చినావు?"

"రాసేది, కొట్టేసేది, అన్నీ మామా."

"నాకా? టమాటా ఉండేచోట మిరప రాసేస్తా నేను! నాది ఆమెకియ్యి, ఆమెది నాకియ్యి. చూసేదొక్కటి చాలు నాకు, దానికీ కండ్లద్దాలు కావల్ల."

మార్చడానికి రెండు నిమిషాలు పట్టలేదు. పట్టీలక్క మళ్ళీ రాసింది, ఈసారి కంప్యూటర్ ఒప్పుకుంది. మధ్యాహ్నం క్యారియర్ విప్పుతూ నన్ను పిలిచింది. "రాప్పా, రాగిముద్ద, పప్పుకట్టు బస్సారు ఉండాది. దీనికి పర్మిషను అక్కర్లేదులే."

ఇప్పుడు బెంగళూరులో చాలా సర్వర్లు నా చేతిలో ఉన్నాయి. ఎవరికి ఏ హక్కు ఇవ్వాలో రాసే ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, నువ్వు రోజూ ఏం పని చేస్తావని అడుగుతాను. నాకు పనీపాటా లేదని ఆఫీసులో అనుకుంటారు. అప్పటి ఆ కుర్రవాడు ఎదురైతే తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఓ టీ తాగించి, "ముందు అడుగు నాయనా" అని చెప్పాలనుంటుంది. వింటాడన్న నమ్మకం మాత్రం లేదు.