ఉతకని ఆప్రాన్

మా మేడమ్ పోయారని జగ్గయ్యపేట నుంచి ఫోన్ వచ్చేసరికి నేను నందిగామలో, మా ఫార్మసీ కాలేజీ ల్యాబులో, ఎలుకల బోన్లు కడుగుతున్నాను. "అక్క నిద్రలోనే పోయింది బాబూ" అంది వాళ్ళ చెల్లెలు. కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయి బోన్ల వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పటి నుంచి ఏదీ తిన్నగా అర్థం కావడం లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది భయం మీద పరిశోధన. ఏ మందు ఇస్తే ఎలుకకు భయం తగ్గుతుంది, అప్పుడు దాని మెదడులో ఏం మారుతుంది అన్నదే మా పని. ఎత్తు మీద కూడిక గుర్తులా ఒక బల్ల ఉంటుంది. దాని నాలుగు కొమ్మల్లో ఎదురెదురు రెండింటికి గోడలుంటాయి, మిగతా రెండింటికీ ఉండవు. ఎలుకను మధ్యలో వదిలితే గోడల మధ్య దాక్కుంటుందా, బయటికొస్తుందా అని చూస్తాం. చివరికి చంపి మెదడు తీస్తాం. రాసుకోవడం, కడగడం సహాయకుడిగా నా వంతు. రోజూ వాటిని చేతుల్లోకి తీసుకుని మచ్చిక చేయడం మాత్రం మేడమ్‌దే. ఒక బ్యాచికి ఒకే చెయ్యి ఉండాలని ఆమె పట్టు.

ఆ చేతి వాసన మారకూడదని పౌడరు రాసుకునేవారు కాదు, పూలు పెట్టుకునేవారు కాదు. ఆవకాయ కలుపుకోవాలంటే సెలవు రోజు రావాల్సిందే. ఓసారి నేను సెంటు కొట్టుకుని వెళితే గుమ్మంలోనే ఆపేశారు. "ఏంటయ్యా, ఎలకలకి పెళ్ళిచూపులా? పో, కడుక్కునిరా."

కరపత్రాలు చదివి లోకాన్ని తెలుసుకున్నవాణ్ణి నేను. నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాత. గోడ పక్కన నక్కిన ఎలుకను చూసి ఒకరోజు, "మన జనంలాగే మేడమ్, పిరికి సన్నాసులు" అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టారు.

"గోడ పక్కన నిలబడ్డోణ్ణి పిరికోడనకు. వాడికేం జరిగిందో ముందు అడుగు."

ఆ రాత్రి నా కరపత్రాలన్నీ మళ్ళీ తిరగేశాను.

ఇంకోసారి నిలదీశాను. "చంపేవాటిని ఇంత ముద్దు చేయడం మోసం కాదాండీ?" ఆమె అరచేతిలో ఎలుక కునుకు తీస్తోంది.

"మోసమేనేమోనయ్యా. బెదిరిపోయి చస్తే దాని మెదడు భయం ఒక్కటే చెప్తది. అది సైన్సు. బెదరకుండా పోవాలని నాకూ ఉంటది. అది సైన్సు కాదు. రెండూ ఒకే చేత్తో చేస్తున్నా. నువ్వు విడదియ్యగలిగితే చెప్పు."

విడదీసి చూపిస్తానని రెచ్చిపోయి అన్నాను. ఇంకా విడదీస్తూనే ఉన్నాను.

అంత్యక్రియల మర్నాడు బోను తెరిస్తే ఎలుకలన్నీ మూలకు చేరి వణికాయి. నా చెయ్యి వాటికి కొత్త. బల్ల మీద పరీక్ష దగ్గరపడింది. ఇలాగే బెదిరితే బ్యాచి పనికిరాదు. పనికిరానివాటినీ చంపేస్తారు, ఊరికే. ఏం చేసినా చావు తప్పదు. భయంతోనా, భయం లేకుండానా అన్నదొక్కటే నా చేతిలో ఉంది.

ఆ సాయంత్రమే జగ్గయ్యపేట బస్సెక్కాను. పెరట్లో వాళ్ళ చెల్లెలు మేడమ్ బట్టలు తడపబోతోంది, వాటిలో ఆమె ల్యాబులో తొడుక్కునే ఆప్రాన్ కూడా ఉంది.

"ఆ ఆప్రాన్ తడపకండమ్మా. నాకివ్వండి."

"పోయినోళ్ళ గుడ్డ, ఉతక్కుండా ఎవరన్నా ఇస్తారా? ఏం చేసుకుంటావ్?"

"ఎలకలకండీ."

నన్ను ఎగాదిగా చూసింది. నవ్వబోయి ఏడ్చేసింది. "అక్క చెయ్యి ఇంట్లో మాకు దొరికిందెప్పుడు? అంతా ఆ ఎలకలకే పోసింది. పోనీ, ఇదీ వాటికే పట్టుకుపో."

తెచ్చాను గానీ, చేసింది దయో దగాయో తేలలేదు. ఆమె వాసన కట్టుకుని వాటిని బల్ల మీదికి చేర్చడానికేగా తెచ్చింది? పొద్దున ఆప్రాన్ తొడుక్కుంటే దాని చేతులు నా మోచేతుల కిందికి రాలేదు. బోను తెరిచాను. చాలాసేపు ఏదీ కదల్లేదు. తర్వాత ఒకటి వచ్చి అంచు వాసన చూసింది, ఆప్రాన్ చేతిలోకి దూరింది, మోచేతి మడతలో ముడుచుకుని కళ్ళు మూసుకుంది.

హైవే మీద ఏదో బస్సు గట్టిగా హారన్ కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. అది మాత్రం కదల్లేదు.