డబ్బాలో మోగని పన్ను

పొద్దు కొండ వెనక్కి వాలుతుండగానే ఐయోనీ తలుపు మూసి గడియ వేస్తుంది. వేసిన గడియను ఒకసారి లాగి చూస్తుంది. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

ఆరేళ్ళ వయసులో ఏట్లో ఈదుతుంటే ఆమె పాలపన్ను ఊడి నీళ్ళలో పోయింది. జమైకా కొండ పల్లెల్లో ఊడిన పన్నును రేకు డబ్బాలో వేసి గలగలలాడించాలి. లేకపోతే నిప్పుకళ్ళ దయ్యపు దూడ గొలుసులీడ్చుకుంటూ వచ్చి పిల్లను ఎత్తుకుపోతుందంటారు.

"నీ పన్ను మోగలేదు. చీకటి పడ్డాక గడప దాటావో, ఇక నువ్వు దూడ పాలే," అంది తల్లి వెర్లిన్.

అన్నలు ఒక్కొక్కరే పట్నం పోయారు. ఐయోనీ పండగ ఆటపాటలు ఇంట్లోంచే వింది. ఒకతను కొన్నాళ్ళు సాయంత్రం పూట కంచె దగ్గర నిలబడి పిలిచేవాడు. తర్వాత మానేశాడు.

ఇప్పుడు కూడలిలో రొట్టెలు కాల్చే ఎజికియల్ ఆమెకు పని ఇస్తానన్నాడు. "పిండి కలపడం చీకటితోనే మొదలు. రేపు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానమ్మా, ఏమనుకోకు."

ఐయోనీకి ఆ పని కావాలి. ఎంత కావాలో ఎవరికీ చెప్పుకోలేదు.

"వెళ్ళవే, వెళ్ళు," అంది వెర్లిన్ కందికాయలు ఒలుస్తూ. "దూడకు మాత్రం పొద్దున్నే ఫలహారం వద్దూ?"

ఆ సాయంత్రం, వాళ్ళ దగ్గరే పెరుగుతున్న అన్న కూతురు టషానా అన్నంతో పాటు ఊగే పన్ను కూడా మింగేసింది.

"నానమ్మా, డబ్బాలో ఏం వేసి ఊపను?"

"నా తలకాయ వెయ్యి. చర్చిలో పాటలు మొదలెట్టేస్తారు, పరిగెత్తు."

పిల్ల గెంతుకుంటూ చీకట్లోకి పోయింది. ఐయోనీ గడప లోపలే నిలబడిపోయింది.

"అమ్మా, దాని పన్ను మోగలేదు."

"దీపాలొచ్చాయి, రోడ్డొచ్చింది. ఇంకా దూడలెక్కడివే?"

"ఎప్పుడు పోయాయి?"

"చాలా కాలమే అయింది."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదుగా." వెర్లిన్ గింజలు చేటలోకి ఒంపుకుంది. "నువ్వూ పోతే నా దగ్గర ఎవరుంటారు?"

మర్నాడు ఐయోనీ చీకటితోనే లేచింది. ఉతికిన గౌను వేసుకుంది, తలకు గుడ్డ కట్టుకుంది, మంచం అంచున కూర్చుంది. కిటికీ సందులో వెలుగు కనిపించాక బయల్దేరింది. బట్టీ దగ్గర వేరే అమ్మాయి మోచేతుల దాకా పిండితో ఉంది. ఐయోనీ ఒక వేడి రొట్టె కొనుక్కుని ఇంటికొచ్చి, మెత్తని ముక్క కోసి తల్లికి పెట్టింది.