ఏసీ కరెంటుకు నాలుగు గుమ్మాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ళ అరచేతులు గోగునార పేని పేని గరుకెక్కి ఉండేవి. గజపతినగరం దగ్గర పల్లె మాది. తాళ్ళు పేనడమే మా జీవనం. ఆ కష్టం తగ్గిద్దామని నాన్న తాడు పేనే యంత్రానికి మోటారు బిగించాడు. కానీ స్విచ్చి వేయగానే అది ఒక్కసారిగా పూర్తి వేగం అందుకునేది, నార పాయలు పుటుక్కున తెగిపోయేవి. అమ్మ మళ్ళీ చేత్తో పేనుకునేది.

ఆ వేసవిలో మా చిన్నత్త, నాన్న చెల్లెలు, పాలిటెక్నిక్ చదువు ముగించి ఇంటికి వచ్చింది. నెమ్మదిగా మొదలై, మనం కోరినంత వేగంతో తిరగాలంటే డీసీ మోటారు ఉండాలని చెప్పింది. మూతపడిన ఒక మిల్లు నుంచి నాన్న అలాంటిది సంపాదించాడు. అయితే మా ఇంటికి వచ్చేది ఏసీ కరెంటు. దాన్ని డీసీగా మార్చే పని తనకు వదిలేయమంది అత్త. థైరిస్టర్లనే నాలుగు చిన్న పరికరాలను ఒక చెక్కపలక మీద బిగించడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని ఇదేమిటి, అదెందుకు అని ప్రాణం తీసేదాన్ని. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఒక మధ్యాహ్నం వీధిలోని పిల్లలందరినీ మా వాకిట్లోకి పిలిచింది. మధ్యలో ఉన్న రోలు మోటారు అనుకోమంది. సుద్దముక్కతో నాలుగు గుమ్మాలు గీసింది. వీధి వైపు రెండు, పెరటి వైపు రెండు. లోపలికి వచ్చేవి రోలుకు ఎడమ పక్కన, బయటికి పోయేవి కుడి పక్కన. ఏసీ కరెంటు ఒక విడత ఇటు నుంచి అటు, మరో విడత అటు నుంచి ఇటు పరుగెడుతుందట. పిల్లలే ఆ కరెంటు. వీధిలోంచి వచ్చినవాళ్ళు పెరట్లోకి, పెరట్లోంచి వచ్చినవాళ్ళు వీధిలోకి పోవాలి. కొంతసేపు పరుగెత్తాక మాకే అర్థమైంది, ఎటునుంచి వచ్చినా అందరం రోలును ఎడమ నుంచి కుడికే దాటుతున్నామని. అదే డీసీ అంది అత్త.

ఆట అక్కడితో అయిపోలేదు. తాను చప్పట్లు కొడితేనే గుమ్మాలు తెరవాలంది, అంతకుముందే గుమ్మం చేరినవాళ్ళు వెనక్కి పోవాలంది. వెంటనే కొడితే గుంపంతా దాటేది. ఆలస్యంగా కొడితే చివర మిగిలినవాళ్ళే దాటేవారు. థైరిస్టర్ కూడా అంతేనట. చిన్న సంకేతం అందితే తెరుచుకుంటుంది, తెరుచుకున్నాక ఆ విడత కరెంటు ఆగేదాకా మూసుకోదు. ఆ సంకేతం ఎప్పుడు పంపాలో మన చేతిలో ఉంటే, మోటారు వేగం కూడా మన చేతిలో ఉన్నట్టే.

పలక సిద్ధమైన సాయంత్రం బంధువులంతా చేరారు. అత్త స్విచ్చి వేసి, వేగం పెంచే మర తిప్పింది. మోటారు కదల్లేదు. ఎంత తిప్పినా కదల్లేదు. మా పెదనాన్న కండువా దులుపుకుంటూ లేచాడు.

"సదువు ఏరు, పని ఏరు తల్లీ. రేపు దీన్ని పాత ఇనుములోకి ఇచ్చేద్దుం."

అత్త ప్లగ్గు పీకి, తలవంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్ళీ పలక ముందు కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఒక్కో థైరిస్టర్‌కు ఆటలోని గుమ్మం పేరు పెట్టుకుని, సంకేతం వచ్చే తీగల మీద వేలు నడిపించాను. వీధి నుంచి లోపలికి వచ్చే గుమ్మానికీ, వీధిలోకి పోయే గుమ్మానికీ సంకేతం ఒకేసారి అందేలా తీగలు కలిసి ఉన్నాయి.

"అత్తా, ఈదిలోంచి తోసుకొచ్చినోలు మళ్ళీ ఈదిలోకి ఎలగెల్తారు? పెరటి గుమ్మం కదా తెరవాల?"

అత్త పలకకేసి చూసింది, నాకేసి చూసింది. రెండు తీగలు విప్పి, చోట్లు మార్చి బిగించింది. అప్పటికప్పుడే నడిపి చూసుకోవచ్చు, కానీ స్విచ్చి వేయలేదు. నాన్ననీ, అమ్మనీ, ముఖ్యంగా పెదనాన్ననీ పిలిపించింది.

"తప్పు నాదే. తీగలు తారుమారు సేసినాను. కనిపెట్టింది నా మేనకోడలు. అందుకే ఇదే తిప్పుతాది," అని నన్ను ముందుకు తెచ్చింది.

స్విచ్చి వేశాను. మర కొద్దిగా తిప్పాను. మోటారు నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు మెల్లగా కదిలింది. అమ్మ నార అందించింది. పాయలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ బిగిశాయి, తెగలేదు. ఇంకాస్త తిప్పాను. వేగం పెరిగింది, తాడు నున్నగా సాగుతూనే ఉంది. పెదనాన్న తాడు కొసను రెండు చేతులా పట్టి శక్తికొద్దీ లాగి చూశాడు.

"గట్టిగున్నాది," అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు. అమ్మ ఖాళీగా ఉన్న తన చేతుల వంక చూసుకుని నవ్వింది.

తర్వాత నేనూ కరెంటు చదువే చదివాను, ఎందరికో నేర్పాను. నా లెక్కలో తప్పును ఏ విద్యార్థయినా చూపిస్తే నలుగురూ వినేలా ఒప్పుకుంటాను, మిగతా పని వాళ్ళనే చేయమంటాను. ఆ ఉదయం మా వాకిట్లో నాకంటే పొడుగైన మనిషి లేడనిపించింది. ఆ పొడుగు నాలో ఈనాటికీ తగ్గలేదు.